అడిగి తీసుకున్న చెక్క: హైదా ప్రజల బంగారు చెట్టు, ఒక గిటార్ కథ

మా సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి సాంస్కృతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం

ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీ కోసమే.

ప్రతి ఏటా ఈ వేదిక మీద మన డోలు గురించీ, మన ఆట గురించీ, మన పాట గురించీ చెప్పుకుంటాం. ఈసారి మా విభాగం వాళ్లం కూర్చుని వేరేగా ఆలోచించాం. మీలో చాలామంది చేతుల్లో ఇప్పుడు గిటార్ కనిపిస్తోంది. హాస్టల్లో నేర్చుకుంటున్నారు. మన పాటకు గిటార్ కలిపి ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు. కొందరు పెద్దలు దాన్ని చూసి మురిసిపోతున్నారు, కొందరు మొహం చిట్లిస్తున్నారు. గిటార్ మనదా కాదా అనే వాదన ఇవాళ మేము ఎత్తుకోం. దానికి బదులు ఒక గిటార్ కథ చెబుతాం. అది మనలాంటి ఒక ఆదివాసీ జాతి పవిత్రంగా చూసుకున్న చెట్టు చెక్కతో తయారైంది. ఆ చెక్క ఎలా వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఎవరిని అడిగితే ఇచ్చారు అన్నదే ఈ కథలో అసలు సంగతి.

కెనడా దేశం పడమటి కొసన, పసిఫిక్ సముద్రంలో, హైదా గ్వాయి అనే దీవులు ఉన్నాయి. నూటయాభైకి పైగా చిన్నా పెద్దా దీవులు. అక్కడి మూలవాసులు హైదా ప్రజలు. పెద్ద పెద్ద దేవదారు మానులను తొలిచి సముద్రంలో తిరిగే పడవలు చేయడంలో, వంశాల గుర్తులు చెక్కిన నిలువెత్తు స్తంభాలు నిలబెట్టడంలో వాళ్లకు ప్రపంచమంతటా పేరుంది. తెల్లవాళ్లు వచ్చి ఆ దీవులకు ఒక రాణి పేరు పెట్టారు. 2010లో గానీ పాత పేరు మళ్లీ అధికారికంగా రాలేదు.

ఆ దీవుల్లో యాకూన్ అనే నది ఉంది. ఆ ఏటి గట్టున ఒక స్ప్రూస్ చెట్టు ఉండేది. స్ప్రూస్ అంటే చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులుండే చెట్టు. చుట్టూ అడవి అంతా ముదురు పచ్చగా ఉంటే, ఆ ఒక్క చెట్టు మాత్రం బంగారు రంగులో మెరిసేది. పుట్టుకతో వచ్చిన ఒక మార్పు వల్ల, ఎండ తగిలిన ఆకుల్లో పత్రహరితం నిలిచేది కాదు. నీడలో ఉన్న ఆకులు పచ్చగా, ఎండకు ఉన్నవి పసుపుగా ఉండేవి. అలాంటి చెట్టు మామూలుగా బతకదు. ఇది మాత్రం సుమారు 300 ఏళ్లు బతికింది, దాదాపు 50 మీటర్ల ఎత్తు పెరిగింది. పదిహేను అంతస్తుల మేడ ఎంత ఉంటుందో అంత అన్నమాట.

హైదా ప్రజలు దాన్ని కీద్‌క్యాస్ అని పిలిచేవారు. దాని వెనుక వాళ్లకొక కథ ఉంది. ఒక ఊరి వాళ్లు మర్యాద తప్పి నడుచుకున్నారు. దానికి ఫలితంగా ఆగని మంచు కురిసి ఊరు నాశనమైంది. ఒక తాత, ఒక మనవడు మాత్రం బయటపడ్డారు. వెనక్కి తిరిగి చూడొద్దని తాత మనవడికి చెప్పాడు. పిల్లవాడు ఆగలేక చూశాడు. చూసినచోటే అతని కాళ్లు వేళ్లయ్యాయి, అతను చెట్టయ్యాడు. ఆ చెట్టే ఇది. చెప్పేవాళ్లను బట్టి కథ కొంచెం మారుతుంది. మన కథలూ అంతే కదా, ఒక్కో గోత్రం ఒక్కోలా చెబుతుంది. ఏ రకంగా చెప్పినా ఒకటి మారదు. వాళ్లకు అది చెట్టు మాత్రమే కాదు, వాళ్ల మనవడు.

ఇప్పుడు బాధాకరమైన భాగం. 1997 జనవరి 20 రాత్రి గ్రాంట్ హాడ్విన్ అనే వ్యక్తి గడ్డకట్టే చలిలో ఆ ఏరు ఈది అవతలి గట్టుకు వెళ్లాడు. రంపపు యంత్రంతో చెట్టు మొదలును లోతుగా కోసి వదిలేశాడు. రెండు రోజుల తర్వాత గాలి వీచింది, చెట్టు కూలింది. ఇతను ఒకప్పుడు అడవి కంపెనీల్లో పనిచేసినవాడే. కంపెనీలు అడవులను ఊడ్చేస్తున్నాయని అతని కోపం. చుట్టూ అడవి నరికేస్తూ, చూపించుకోవడానికి ఈ ఒక్క చెట్టును మిగిల్చారని, దానికి నిరసనగా నరికానని ఉత్తరం రాసి పంపాడు. కేసు పెట్టారు. విచారణకు వెళ్లాల్సిన రోజుల్లో చిన్న పడవలో సముద్రంలోకి బయలుదేరి మాయమైపోయాడు. తర్వాత అలాస్కా తీరంలో పడవ ముక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అడవి కోసమే పోరాడుతున్నానని చెప్పిన మనిషి ఆ అడవి బిడ్డలను ఒక్క మాట కూడా అడగలేదు. కంపెనీ వాళ్లూ అడగలేదు, అతనూ అడగలేదు. ఒకరు లాభం కోసం నరికారు, ఒకరు నిరసన కోసం నరికారు. మధ్యలో పోయింది హైదా వాళ్ల చెట్టు. మన పేరు చెప్పి మన కోసం మాట్లాడేవాళ్లు మన దగ్గరికీ వస్తుంటారు. వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్నదానికంటే ముందు వాళ్లు మనల్ని అడిగారా అన్నది చూడండి.

ఒక మనిషి చనిపోతే ఎలా దుఃఖిస్తారో హైదా వాళ్లు ఆ చెట్టు కోసం అలా దుఃఖించారు. ఏటి గట్టున చేరి సంతాపం జరిపారు. కూలిన మాను ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది. పనికొచ్చే కలప కదా, ఎత్తుకుపోదాం అనుకోలేదు.

ఇక గిటార్ సంగతికి వద్దాం. 1995లో కెనడాలో క్యుబెక్ రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ప్రజల ఓటు అడిగారు. విడిపోవద్దు అన్నవాళ్లు 50.6 శాతం, విడిపోదాం అన్నవాళ్లు 49.4 శాతం. వెంట్రుక వాసిలో దేశం నిలబడింది. ఆ రోజుల్లో జోవీ టేలర్ అనే రేడియో ప్రసారకుడికి ఒక ఆలోచన వచ్చింది. ఇంతమంది, ఇన్ని భాషలు, ఇన్ని చరిత్రలు ఉన్న దేశాన్ని ఒకే వస్తువులో చూపించగలమా అని. అప్పటికే జార్జ్ రిజ్సానీ అనే గిటార్ల తయారీదారు విదేశీ కలప కాకుండా తమ దేశపు చెక్కతోనే గిటార్లు చేస్తున్నాడు. ఇద్దరూ కలిశారు. దేశం నలుమూలల నుంచి ముక్కలు సేకరించి ఒక గిటార్ చేయాలనుకున్నారు.

అలా 64 ముక్కలు చేరాయి. మాజీ ప్రధాని పియర్ ట్రూడో పడవ తెడ్డు ముక్క ఉంది. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ కర్ర ముక్క ఉంది. మరో హాకీ వీరుడు మోరీస్ రిషార్ ఉంగరం బంగారం ఉంది. బ్లూనోస్ 2 అనే ఓడ చెక్క ఉంది. వలస వచ్చినవాళ్లు ఓడ దిగి మొదట అడుగుపెట్టిన హాలిఫాక్స్ రేవు భవనం ముక్క ఉంది. ఇవన్నీ చిన్న చిన్న ముక్కలు. గిటార్‌కు ప్రాణం లాంటి పైపలకకు మాత్రం ఏ చెట్టు చెక్క పెట్టాలి? ఆ చోటుకు వాళ్లు కోరుకున్నది కీద్‌క్యాస్‌ను.

పైపలక ఎందుకంత ముఖ్యమో గిటార్ వాయించే పిల్లలు తెలుసుకోవాలి. తీగ ఒక్కటే మోగితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు. అది సన్నగా ఉంటుంది, గాలిని పెద్దగా కదపలేదు. తీగ వణుకు అది ఆనిన చిన్న చెక్క వంతెన ద్వారా పైపలకలోకి దిగుతుంది. అప్పుడు పలక మొత్తం వణికి, లోపలి గాలిని కదిపి, మనకు స్వరం వినిపిస్తుంది. ఆ పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లే. ఇనుప తీగలన్నీ కలిసి దాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. పలుచగా, తేలికగా ఉండాలి, కానీ వంగిపోకూడదు. సిట్కా స్ప్రూస్ కలపకు ఆ గుణం ఉంది. అందుకే గిటార్లకూ పియానోలకూ ప్రపంచమంతా దాన్ని వాడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల చట్రాల కోసం కూడా ఆ దీవుల స్ప్రూస్ మానులను కొట్టుకుపోయారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కీద్‌క్యాస్‌లో ఆ బంగారు రంగు ఆకుల్లోనే ఉండేది, కలపలో కాదు. కోసి పలక చేస్తే మిగతా స్ప్రూస్ పలకల పక్కన అది వేరుగా మెరవదు. స్వరం కోసమే అయితే వేరే స్ప్రూస్ పలక వేసుకోవచ్చు, బజారులో కావలసినంత దొరుకుతుంది. వాళ్లకు కావలసింది ఆ చెట్టు మోసుకొచ్చిన జ్ఞాపకం. జ్ఞాపకం బజారులో దొరకదు. అది ఎవరిదో వాళ్ల గడప ముందు నిలబడి అడగాలి.

టేలర్ అడిగారు. హైదా పెద్దలతో మాట్లాడి, ఏం చేయబోతున్నారో, ఎందుకో చెప్పారు. వాళ్లు సరేనన్నారు. అంతకాలం ఏటి గట్టున పడి ఉన్న మాను నుంచి కొంత చెక్క బయటికి వచ్చి ఆ గిటార్ పైపలక అయింది. 2006 జూలై 1న, కెనడా జాతీయ దినం రోజున, ఒట్టావాలో పార్లమెంటు ముందు స్టీఫెన్ ఫియరింగ్ అనే గాయకుడు దాన్ని మొదటిసారి అందరి ముందు వాయించాడు. దానికి వాయాజర్ అని పేరు. అంటే యాత్రికుడు. ఆ తర్వాత అది ఊరూరా తిరిగింది. అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. పేరున్న కళాకారులతో పాటు బడి పిల్లలు కూడా దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. వేలమంది దాన్ని పట్టుకుని ఫోటోలు దిగారు.

ఇప్పుడు మీలో ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. రాకపోతే మేమే అడుగుతాం. ఈ గిటార్ కెనడా దేశం పేరు మీద చేసింది. ఆ దేశం హైదా వాళ్లకు ఏం చేసింది? 1862లో మశూచి వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలల్లో ఉన్న జాతి కొన్ని దశాబ్దాల్లో ఆరు వందలకు అటూ ఇటూ మిగిలింది. విందు పెట్టి, కానుకలు పంచి, పేర్లు పెట్టుకునే వాళ్ల పండుగను 1885 నుంచి 1951 దాకా చట్టం పెట్టి నిషేధించారు. పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి బోర్డింగ్ బడుల్లో పెట్టి భాష మరిపించారు. అలాంటి దేశపు గిటార్‌కు తమ మనవడి ఒంటి చెక్క ఎందుకు ఇవ్వాలి?

ఇవ్వకూడదనే మాటలో న్యాయం ఉంది. తీసుకున్నదంతా చాలదా, ఇంకా ఇది కూడానా అని ఎవరైనా అంటే వాళ్లను తప్పు పట్టలేం. ఇవ్వాలనే మాటలోనూ న్యాయం ఉంది. ఆ గిటార్‌లో ప్రధానుల చెక్కలు, ఆటగాళ్ల చెక్కలు ఉండి, ఆ నేల మొదటి మనుషుల గుర్తు లేకపోతే అది మరో అబద్ధం అవుతుంది. ఇప్పుడు దాన్ని ఎవరు వాయించినా మోగేది ముందు కీద్‌క్యాస్. ఆ చెక్క ఎక్కడిదని ఎవరైనా అడిగితే హైదా పేరు చెప్పక తప్పదు. మౌనంగా కూలిన చెట్టు గురించి ఇవాళ ఇంత దూరంలో మనం మాట్లాడుకుంటున్నామంటే అందులో ఆ గిటార్ పాత్ర కూడా ఉంది.

ఈ రెండింటిలో ఏది సరైనదో చెప్పే హక్కు మాకు లేదు. హైదా వాళ్లకు ఉంది. వాళ్లు తేల్చుకున్నారు. కాదని ఉంటే అదీ చెల్లేది. అవునన్నా కాదన్నా చెల్లే చోటే సమ్మతి అనే మాటకు అర్థం ఉంటుంది.

అలా మాట చెల్లే స్థితి వాళ్లకు ఊరికే రాలేదు, చెల్లెళ్లూ. 1985లో లయెల్ దీవిలో అడవి నరకడానికి లారీలు వస్తే హైదా వాళ్లు రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. 72 మందిని అరెస్టు చేశారు. అందులో పండు ముసలి పెద్దలూ ఉన్నారు. ఆ పోరాటం వల్ల ఆ దక్షిణ దీవులు రక్షిత ప్రాంతమయ్యాయి. 1993 ఒప్పందంతో దాన్ని ప్రభుత్వం, హైదా వాళ్లు కలిసి చూసుకోవడం మొదలైంది. తర్వాత అడవి లైసెన్సును తమను అడగకుండా ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చారని కోర్టుకు వెళ్లారు. 2004లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భూమి హక్కు కోర్టులో ఇంకా రుజువు కాకముందే సరే, ప్రభుత్వం మూలవాసులను సంప్రదించి తీరాలి అంది. 2024లో ఆ దీవుల మీద హైదా ప్రజల హక్కును బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మనవళ్లు ఇవాళ ఆ హక్కును చూస్తున్నారు.

ఇక మన సంగతి. మన దగ్గర కూడా చట్టం ఉంది, కథ ఉంది, చెట్టు ఉంది. 1996 పెసా చట్టం మన ఆచారాలను, సంస్కృతిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని సెక్షన్ 3లో రాసింది. 2013లో ఒడిశా నియమగిరి మీద గని తవ్వాలా అని 12 గ్రామసభలను అడిగితే డోంగ్రియా కోందులు పన్నెండు చోట్లా వద్దన్నారు. అడిగితే మనవాళ్లు జవాబు చెప్పగలరని దేశమంతా చూసింది.

కానీ జవాబు చెప్పాలంటే ముందు మనకు తెలిసి ఉండాలి. హైదా వాళ్లకు ఆ చెట్టు కథ తెలుసు కాబట్టే ఇచ్చేది ఏమిటో తెలిసి ఇచ్చారు. కథ మరిచిపోయి ఉంటే అది వాళ్లకూ ఘనపుటడుగుల లెక్కలో కలపే. మన సంగతి ఏమిటి? ప్రధాన్ పెద్దలు కిక్రి వాయిస్తూ గోండుల వంశ చరిత్ర చెబుతారు. ఆ కిక్రి ఏ చెట్టుతో చేస్తారో మీలో ఎంతమందికి తెలుసు? సమ్మక్క సారలమ్మ చరిత్రను కోయ భాషలో డోలి కొట్టి పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఆయన నోట ఉన్నది మనలో ఎందరి నోటికి వచ్చింది? కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం తెచ్చి మర్రిచెట్టు నీడన ఎందుకు ఆగుతారో అడిగి తెలుసుకున్నామా? రేపు ఏదో కంపెనీయో, మ్యూజియమో, సినిమా వాళ్లో వచ్చి ఒక పాట, ఒక చెక్క, ఒక ముసుగు ఇమ్మంటే ఏం చూసి అవునంటాం, ఏం చూసి కాదంటాం?

అందుకని మా విభాగం మీ ముందు నాలుగు పనులు పెడుతోంది. పెద్ద పనులేం కావు.

మొదటిది, మీ గూడెంలో ఉన్న ప్రతి వాయిద్యం గురించి ఒక నోటుబుక్కులో రాయండి. ఏ చెట్టు, ఏ తోలు, ఎవరు చేస్తారు, కొట్టే ముందు చెట్టుకు ఏం చెబుతారు, ఏ నెలలో కొడతారు. మన భాషలో ఆ పేర్లు ఎలా అంటారో అలాగే రాయండి.

రెండోది, పాట రికార్డు చేసి నెట్‌లో పెట్టే ముందు ఆ పాట ఎవరిదో వాళ్లను అడగండి. కొన్ని పాటలు అందరివి. కొన్ని పెళ్లిలోనే పాడాలి, కొన్ని చావులోనే పాడాలి, కొన్ని దేవర ముందే పాడాలి. ఫోన్‌కు ఆ తేడా తెలియదు, మీకు తెలియాలి. మనల్ని అడగమని పైవాళ్లను నిలదీస్తున్నప్పుడు మన అవ్వను మనం అడగకపోతే ఎలా?

మూడోది, బయటివాళ్లు ఏదైనా అడిగితే ఒక్కరే మాట ఇవ్వకండి. గ్రామసభలో పెట్టండి. దేనికి వాడతారు, మన పేరు ఎక్కడ రాస్తారు, మనకు ఏం తిరిగి వస్తుంది, కాగితం మీద రాయించుకోండి. అవమానించేలా కాదు, మర్యాదగానే అడగండి. మంచి మనసుతో వచ్చినవాళ్లు జవాబు చెబుతారు.

నాలుగోది, మొక్క నాటండి. కీద్‌క్యాస్ కూలకముందే దాని కొమ్మలు తెచ్చి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు అంటు కట్టి పెంచారు. అందుకే చెట్టు పోయినా దాని వంశం పోలేదు. మన డోలుకు, కిక్రికి కావలసిన చెట్లు ఊరి చుట్టూ ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. నాటేటప్పుడు పెద్దలను పిలవండి, వాళ్లు కథ చెబుతారు.

గిటార్ వాయించే తమ్ముళ్లకు చివరి మాట. వాయించండి, బాగా వాయించండి. మీ చేతిలో ఉన్న పెట్టె పైపలక కూడా ఏదో అడవిలో నిలబడిన చెట్టే, ఆ అడవికీ ఎవరో వారసులు ఉండి ఉంటారు. ఆ ఎరుకతో తీగ మీటితే చాలు. హైదా పెద్దలు తమ మనవడి చెక్కను ఇచ్చేటప్పుడు తమ కథ కూడా కలిపి ఇచ్చారు. మనం కూడా ఏది ఇచ్చినా మన కథతో కలిపి ఇద్దాం, ఇవ్వకూడదనుకుంటే తల ఎత్తి కాదందాం.

జై ఆదివాసీ.